రోహిణి నడిగినవారెవ్వరు?

పరుల శిశువును తన గర్భమున మోయు స్త్రీ మన చలనచిత్రములలో ఇప్పటికి ముమ్మారైనను నాయికగా కానవచ్చినది. ఈ శతాబ్ది తొలినాళ్ళలో క్రాంతికుమార్‌గారు తీసిన ‘9 నెలలు’ అందొకటి. 2013లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ‘వెల్‌కమ్ ఒబామా’ మరియొకటి. 2022 నవంబరున హరి, హరీష్ అను దర్శకద్వయము వెలువరించిన ‘యశోద’ ఇంకొకటి. వీని నటనము, సంగీతము, ఛాయాగ్రహణము మాకిచట ప్రస్తుతములు కావు. ఆ తొమ్మిది నెలలు ఆ స్త్రీకి ఎట్లు గడచునో ఈ కథలు మనకు చెప్పగలిగినవా యనునదే మా ప్రశ్న. చెప్పలేదని మా యభిప్రాయము.

మొదటి కథలోని యిల్లాలు భర్త చికిత్సకు ధనము కావలసి గర్భము దాల్చును. విషయము గొప్పది. కాని కథ భర్త సందేహమువైపు మరలగానే గర్భము పోయి పాతివ్రత్యము మిగిలినది. రెండవ దానిలో బిడ్డను కోరిన విదేశవనిత వెనుదీయగా మోసిన స్త్రీయే కని పెంచును. అందలి కరుణ పెంపకమున నున్నది గాని మోయుటలో లేదు. మూడవది నేరపరిశోధన కథ. నాయిక చేయు పోరాటము ముందునకు వచ్చినకొలది గర్భిణి వెనుకకు పోయినది. ఒక కథలో త్యాగమూర్తి, ఒక కథలో దీనురాలు, ఒక కథలో వీరవనిత. ఉదయమున వేవిళ్ళతో లేచి, ఈ బిడ్డను నేనేమని పిలువవలెనని తనలో తాను తర్కించుకొను సామాన్యస్త్రీ ఎచటను లేదు.

తరువాతి రెండు చిత్రములును ఆమెకు యశోద యనియే పేరిడుట చదువరులు గమనింపదగినది. యశోద పెంచిన తల్లి. ‘వెల్‌కమ్ ఒబామా’కు ఆ పేరు కొంతవరకు చెల్లును, రెండవదానికి మేము సమర్థన కనుగొనలేకున్నాము. పరుల పిండమును మోసిన స్త్రీ మన పురాణమున వేరొకతె కలదు. ఆమె రోహిణి. దేవకి సప్తమగర్భమును విష్ణ్వాజ్ఞచే యోగమాయ ఆకర్షించి, గోకులమున నున్న రోహిణి యుదరమున నిలిపినదని భాగవత దశమస్కంధము చెప్పుచున్నది. దేవకి గర్భము జారినదని పురజనులు వగచిరి. రోహిణి ఏమనుకొన్నదో ఆ ఘట్టమున లేదు. ఆమెను సమ్మతి యడిగినవారును లేరు. సవతి బిడ్డను మోయుట ఆమె ధర్మమనియే అందరును తలచిరి కాబోలు! ఐనను ప్రాచీనులు ఒక్క న్యాయము చేసిరి. బలరామునకు సంకర్షణుడను పేరుతోపాటు రౌహిణేయుడను పేరు నుంచిరి. మోసిన తల్లి పేరు బిడ్డకు నిలిచినది.

నేటి శాసనమున ఆపాటియు లేదు. 2022 జనవరి 25 నుండి అమలులోనున్న సరోగసీ నియంత్రణ చట్టము ప్రకారము పుట్టిన శిశువు కోరిన దంపతుల సొంత సంతానమే. ఆ చట్టమును మేము నిందింప బూనలేదు. అంతకు పూర్వమున్న స్థితి యెట్టిదో 2017లో హైదరాబాదున ఒక వైద్యశాలపై అధికారులు దాడిచేసినప్పుడు లోకమునకు తెలిసినది: నలువదిమందికి పైగా గర్భిణులను ఇండ్లకు పంపక ఒక్కచోట నుంచిరి. ఇప్పుడు వ్యాపారము నిషిద్ధము. మోయు స్త్రీకి వివాహమై సొంత బిడ్డ యుండవలెను. ఇరువదియైదు మొదలు ముప్పదియైదేండ్ల ప్రాయము కావలెను. జీవితమున ఒక్కమారే మోయవలెను. వైద్యవ్యయము, 36 నెలల భీమా తప్ప ప్రతిఫలము కూడదు. అద్దె పోయినది గాని ‘అద్దెతల్లి’ యను మాట మాత్రము మన పత్రికలను వీడలేదు. ఇంటికి, బండికి వాడు మాటను మనుష్యురాలికి వాడుట మాకు రోత.

ప్రతిఫలము లేనిచోట మోయుటకు వచ్చువారెవరు? తొలి బిల్లు దగ్గర బంధువే కావలెనన్నది. తరువాత సమ్మతించిన స్త్రీ యెవరైనను చాలునని సడలించిరి. కాని ధనము పుచ్చుకొనక పరులకొరకు ప్రాణము మీదికి తెచ్చుకొనువారిని లోకము బంధువర్గముననే వెదకును. అందుచేత ఈ విషయమున కథ వ్రాయదలచినవారు నగరపు వైద్యశాలను విడిచి కోటబొమ్మాళివంటి యూరి నడివాకిట మొదలిడవలెనని మేము కోరుదుము. ఆ యూరి పేరు 2023లో ఒక చలనచిత్రమునకు శీర్షికయైనది. ఐతే అది రక్షకభటుల కథ, ఇంటి కథ కాదు. టెక్కలి, పలాస, ఉద్దానము ప్రాంతముల మగవారనేకులు హైదరాబాదుకో, చెన్నపట్టణమునకో పనికి పోవుదురు. ఇంట అత్తయు కోడండ్రును మిగులుదురు. పెద్దకోడలికి సంతానము లేదు. చిన్నకోడలికి ఒక్క బిడ్డ కలదు, ఆరోగ్యము కలదు. “అక్క కోసం ఆ మాత్రం సెయ్యలేవేటే?” అని అత్తగారు ఒక్కమా టనును. చట్టము వ్రాతమూలకమగు సమ్మతిని కోరును. పిండమును నిలుపుటకు పూర్వము ఆ సమ్మతిని వెనుకకు తీసికొను హక్కును ఇచ్చును. అత్తగారి మాట ఏ పత్రమునకును ఎక్కదు. కాదన్న కోడలు మరునాడు ఆ వంటయింట ఎట్లు మెలగునో ఏ అధికారియు విచారింపడు. కథకుడు విచారింపవలెను.

సరే, ఆమె ఒప్పినది. పిండమును నిలుపుటకు ముందు గర్భాశయమును సిద్ధపరచు ఈస్ట్రోజెన్ మాత్రలు, పిదప ప్రొజెస్టిరోన్ సూదిమందులు. నిలిచిన పిమ్మటను పది పండ్రెండు వారములవరకు అవి తప్పకపోవచ్చును. ఆ బిడ్డ ఆమెకు రక్తసంబంధి కాకపోవచ్చును గాని, ఆ బిడ్డ కణములు కొన్ని ఆమె దేహమున ఏండ్లతరబడి నిలుచునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కెనడాలోని అంటారియో రాష్ట్రపు ప్రసవములను పరిశీలించి 2024లో ప్రకటించిన లెక్కలను చూడుడు. సహజముగా గర్భము దాల్చినవారిలో తీవ్రమగు ఉపద్రవములు నూటికి 2.3 కాగా, పరులకై మోసినవారిలో 7.8. ఉద్దానమున ఇంకొక భయము కలదు. కారణము నిశ్చయముగా తేలని మూత్రపిండవ్యాధి అచట వేలకొలది యిండ్లను పీడించుచున్నది. పలాసలో 2023 డిసెంబరున అందుకై ప్రత్యేకవైద్యశాలయే వెలసినది. ఆ వ్యాధి లక్షణములు కానరాకయే ముదురును. గర్భము మూత్రపిండములపై భారమును పెంచును. త్యాగమును వర్ణించు కథకుడు రక్తపరీక్ష మాట మరువరాదు.

మోయు స్త్రీ కానరాకున్నచో ఏమగునో 2025 జూలైలో సికింద్రాబాదున బయటపడిన వ్యవహారము చూపినది. ముప్పదియైదు లక్షలు ధారవోసిన దంపతులకు, వేరొక స్త్రీ మీ బిడ్డను మోయుచున్నదని నెలలకొలది నమ్మబలికి, తుదకు పేదదంపతుల శిశువును కొని యిచ్చిరని పోలీసుల యభియోగము. డి.ఎన్.ఏ. పరీక్షలో ఆ బిడ్డ వారి సంతానము కాదని తేలినది. ఆ అభియోగము నిజమగుచో, మోసిన స్త్రీ యనునది అచట లేనేలేదు. ఆమె ముఖము చూడకుండుటయే వాడుక యైనందున, ఆమె లేకుండుటయు చిరకాలము తెలియలేదు.

గుజరాతులోని ఆనందు పట్టణమున ఇట్టి స్త్రీలతో ఏండ్లు గడపి అమృతా పాండే యను విదుషీమణి 2014లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించినది. అందలి స్త్రీలు తమ్ము కేవలము పాత్రలమని తలచుకొనలేదు. అండము పరులదైనను నెత్తురు తమదనియు, చెమట తమదనియు, అదియే తమ బంధుత్వమనియు చెప్పుకొనిరి. విద్యావంతులు వారి కీయని పేరును వారే తమకు ఇచ్చుకొనిరి. ఇట్టి మాటలు తెలుగు కథలలో వినబడవలెను.

మన కథకులకు కావలసిన సామగ్రి అంతయు ఇంటనే యున్నది. ఏడవ నెలలో చలిమిడి ఎవరి యొడిలో పెట్టుదురు? సీమంతపు పసుపుకుంకుమలు మోయుచున్న చిన్నకోడలికా, ఎదురుచూచుచున్న పెద్దకోడలికా? పురుడు వచ్చిన పిమ్మట కాయము, పథ్యము ఎవరు వండి పెట్టుదురు? బాలింతయే గాని పక్కలో బిడ్డ లేదు. ఆమె సొంత బిడ్డ, తమ్ముడేడని అడుగును. మూడవనాటికి పాలు వచ్చును. ఒప్పందము సంగతి వానికి తెలియదు. వైద్యులు మాత్రలిత్తురు. పెద్దలు వెనుకటివలె మల్లెపూలు కట్టుదురు. పక్కగదిలో పసిబిడ్డ ఏడ్చును. ఆ పూలు కట్టుచున్న చేయి అత్తగారిదో, తోడికోడలిదో, ఆ వేళ వారిద్దరిలో ముందుగా ఎవరు పలుకుదురో వ్రాసి పంపువారికి ఈ పత్రికలో చోటు కలదు.