48 కోర్లు, ఒకే లెక్క: ఒక పరిశోధన పత్రంపై విమర్శ

2010లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సైలస్ బాయిడ్-విక్‌కైజర్, ఆయన సహచరులు లినక్స్ కెర్నల్‌ను 48 కోర్ల యంత్రంపై ఏడు అనువర్తనాలతో పరీక్షించి ఒక పత్రం ప్రచురించారు. ఇన్ని కోర్లకు పాత నిర్మాణం చాలదనే వాదం అప్పట్లో బలంగా ఉండేది. వీరు 3002 పంక్తుల మార్పులతో కెర్నల్‌లోని అవరోధాలను చాలావరకు తొలగించి, పాత నిర్మాణాన్ని ఇప్పుడే వదులుకోనక్కరలేదన్నారు.

పత్రంలో నాకు అత్యంత విలువైనదిగా తోచిన భాగం ఒక చిన్న లెక్క గురించినది. ప్యాకెట్‌ను పంపేటప్పుడు కెర్నల్ దాని మార్గపు నమోదును వాడుకుంటూ, వాడకందారుల లెక్కను ఒకటి పెంచుతుంది. పని ముగిశాక తగ్గిస్తుంది. కోర్లు ఎన్నయినా లెక్క ఒకటే. అది ఉన్న క్యాష్ లైన్ ఒక కోర్ నుంచి మరో కోర్‌కు తిరుగుతూనే ఉంటుంది. మీరు ప్రోగ్రాములో లాక్‌ల కోసమే వెతుకుతారు; ఇక్కడ లాక్ లేకుండానే కోర్లు ఒకదాని కోసం ఒకటి ఆగుతున్నాయి. పరిష్కారంగా వారు ప్రతి కోర్ వద్దా కొంత లెక్కను నిల్వ ఉంచారు. అయితే కచ్చితమైన మొత్తం కావాలంటే అన్ని కోర్లనూ అడగాలి. కనుక అరుదుగా తొలగించే వస్తువులకే ఇది లాభం.

నా అభ్యంతరం మరొకచోట ఉంది. ఆ ఏడింటిలో ప్యాకెట్లను అందుకొని ముందుకు పంపే రూటర్ పని లేదు. మెమ్‌క్యాష్‌డీని కోర్‌కొకటి చొప్పున విడివిడిగా నడిపారు. పంచుకోవడం అక్కడే తగ్గిపోయింది. చివరికి మిగిలిన అవరోధం నెట్‌వర్క్ కార్డుదని హార్డ్‌వేర్ ఖాతాలో వేశారు. సర్వర్ విషయంలో అది చెల్లుతుందేమో గాని, కార్డు నుంచి కార్డుకు చేరవేయడమే వృత్తి అయిన రూటర్‌కు చెల్లదు.

కంప్యూటర్లు రాకముందు సికింద్రాబాద్ స్టేషన్‌లో రిజర్వేషన్ గుర్తుచేసుకోండి (మీ పెద్దలను అడగండి). రైలుకో రిజిస్టరు, అది ఉన్న కిటికీ దగ్గరే క్యూ. గుమాస్తాలు ఒకరి పుస్తకం కోసం మరొకరు ఆగనక్కరలేదు. కాని సంక్రాంతికి గోదావరి ఎక్స్‌ప్రెస్ కిటికీ కిక్కిరిసి ఉంటే పక్క గుమాస్తా ఖాళీగా కూర్చునేవాడు. నేటి కార్డులు కూడా ప్యాకెట్ చిరునామాలు, పోర్టుల ఆధారంగా ఒక ప్రవాహాన్ని ఒకే కోర్‌కు అప్పగిస్తాయి. భారీ ప్రవాహం ఒక్కటే వస్తే మిగిలిన 47 కోర్లు సాయపడలేవు. దాన్ని రెండు కోర్లకు పంచితే ప్యాకెట్ల వరుస తప్పవచ్చు. వరుస బాగా తప్పితే టీసీపీ ప్యాకెట్లు పోయాయనుకుని వేగం తగ్గిస్తుంది.