‘మారుస్తుంది’ అనే క్రియ మీద కొన్ని అభ్యంతరాలు

‘డయోడ్ ఏసీని డీసీగా మారుస్తుంది.’ ఇంటర్ నోట్సుల్లో, యూట్యూబ్ పాఠాల్లో, రిపేర్ షాపు కబుర్లలో ఈ వాక్యం ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. రెండు మార్కుల ప్రశ్నకి ఇది చాలు. కవితలో ఒక్క క్రియ పొసగకపోతే పేజీలకి పేజీలు వాదించుకునే మనం, ఇలాంటి వాక్యాన్ని మాత్రం విమర్శకి సంబంధం లేని సరుకన్నట్టు వదిలేస్తాం. దీన్ని కూడా కవితని చదివినంత నిదానంగా చదివి చూద్దామనిపించింది. పేచీ క్రియ దగ్గర మొదలైంది. కాసేపటికి కర్త మీద కూడా అనుమానం వచ్చింది.

మన ఇంటి ప్లగ్గులోని కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు తిరుగుతుంది, అంటే 100 సార్లు దిశ మార్చుకుంటుంది. దాని దారిలో ఒక్క డయోడ్ పెట్టామనుకోండి. ఒక దిశలో వచ్చినప్పుడు పోనిస్తుంది, ఎదురు దిశలో వచ్చినప్పుడు ఆపేస్తుంది. అంతే. ఆగిన సగం ఇంకోలా మారి బయటికి రాలేదు. ఆ సగంసేపు సర్క్యూట్లో దాదాపు ఏమీ పారలేదు. వచ్చిన సగమైనా బ్యాటరీలో ఉండేలాంటి నిలకడైన డీసీ కాదు. సున్నా నుంచి లేచి, శిఖరం తాకి, మళ్లీ సున్నాకి దిగి, కాసేపు ఖాళీగా ఉండి, మళ్లీ లేచే గుట్టల వరస. డయోడ్‌కి సరిపోయే క్రియ ‘మార్చడం’ కాదు, ‘నిరాకరించడం’.

ఆ నిరాకరణ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే చోట మన పాఠ్యపుస్తకాల భాష నాకు నిజంగా నచ్చుతుంది. సిలికాన్ ముక్కలో ఒక పక్క ఎలక్ట్రాన్లు, ఇంకో పక్క రంధ్రాలు ఎక్కువగా ఉండేలా మలినాలు కలుపుతారు. రెండు పక్కలూ కలిసే చోట ఎలక్ట్రాన్లు రంధ్రాల్లో పడిపోయి, కరెంటుని మోసేవాళ్లెవరూ మిగలని పలచటి పొర ఒకటి ఏర్పడుతుంది. దాని పేరు ‘లేమి పొర’. ఒక రకంగా వోల్టేజి పెడితే లేమి సన్నబడి కరెంటు దాటుతుంది, తిప్పి పెడితే లేమి ఇంకా వెడల్పవుతుంది. ‘లేమి’ అన్న రెండక్షరాల మాటతో పని ఇంత శుభ్రంగా జరిగిపోతుంటే, ఇంగ్లీషు మాటని అలాగే ఎందుకు వాడతామో నాకర్థం కాదు.

ఉపమానాల దగ్గరికొస్తే అందరూ వన్‌వే రోడ్డు దగ్గరే ఆగిపోతారు. వన్‌వేలో సరైన వైపు వెళ్తే ఎవరూ డబ్బులడగరు. సిలికాన్ డయోడ్ మాత్రం పోనిచ్చినందుకు సుమారు 0.7 వోల్టులు తీసుకుంటుంది, అది వేడిగా పోతుంది. కాబట్టి టోల్‌గేట్ అనడం నయం. ఎదురు దిశలో కూడా అతి కొద్దిగా కరెంటు జారుతూనే ఉంటుంది. ఆ లెక్కన చూస్తే, రాంగ్‌రూట్ బళ్లు నిత్యం కనిపించే హైదరాబాద్ వన్‌వే కాస్త నిజానికి దగ్గరే. ఇంకో తమాషా, ‘డయోడ్’ అన్న పేరు 1919లో విలియం ఎకిల్స్ గ్రీకు మాటలతో కట్టాడు. విడదీస్తే ‘రెండు దారులు’. ఒకే దారి ఇచ్చేదానికి ఆ పేరు! ఆయన మనసులో ఉన్నది రెండు ఎలక్ట్రోడ్లు లెండి.

ఇక కర్త సంగతి. ఒక్క డయోడే మార్చేస్తే మరి చార్జర్లో నాలుగెందుకు? వాక్యాన్ని బట్టీపట్టిన పిల్లలు ఈ ప్రశ్న దగ్గరే జారిపోతారు. తప్పు వాళ్లది కాదు, వాక్యానిది. నాలుగింటినీ వంతెనలా కలిపితే ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు పోనిస్తుంటాయి, మిగతా రెండు ఆపుతుంటాయి. కరెంటు తిరగబడగానే జతలు మారతాయి. ఒక జత ఆపిన సగాన్నే ఇంకో జత చుట్టూ తిప్పి, లోడ్‌కి మొదటి సగం వచ్చిన వైపు నుంచే అందిస్తుంది. ఏ డయోడూ కొత్త విద్య నేర్చుకోలేదు. ప్రతిదీ ముందులాగే నిరాకరిస్తోంది. నాలుగు నిరాకరణల్ని పక్కపక్కన సరిగ్గా పెడితే ఏదీ పోకుండా చేరుతోంది, అంతే. అసలు కర్త అమరిక.

చరిత్ర కూడా ఈ మాటే అంటుంది. స్ఫటికాలు ఒక దిశలోనే బాగా వాహకంగా ఉంటాయని బ్రౌన్ 1874లోనే గమనించాడు. జగదీశ్ చంద్ర బోస్ గెలీనా డిటెక్టర్‌కి 1904లో అమెరికా పేటెంటు వచ్చింది, ఫ్లెమింగ్ వాల్వూ అదే ఏడాదిది. నాలుగింటి వంతెన అంతకంటే ముందే, 1890లలోనే, పోలాక్, గ్రెట్స్ పేర్లతో ఉంది. అప్పుడందులో ఉన్నవి సిలికాన్ ముక్కలు కావు, ద్రవంలో ముంచిన అల్యూమినియం పలకల సెల్స్. పదార్థాలు మారుతూ వచ్చాయి, అమరిక అలాగే ఉంది.

మన పుస్తకాల్లో రెక్టిఫయర్‌ని ‘ఏకధిక్కరణి’ అంటారు. వినగానే క్లాసంతా నవ్వే మాట, దిక్కుకి బదులు ధిక్కారం వినిపిస్తుంది. కానీ ఇంగ్లీషు మాటలో ఒక తీర్పు దాగుంది: తిన్నగా చేయడం, సరిదిద్దడం. అటూ ఇటూ ఊగే కరెంటులో ఏదో దోషం ఉన్నట్టు. తెలుగు మాటలో ఆ నింద లేదు, ఒకే దిక్కుకి తెచ్చేది, అంతవరకే. పలకడానికి మొరటుగా ఉన్నా ఈసారి మన మాటే నిజాయితీగా ఉంది.

వంతెన దాటాక కూడా గుట్టలుంటాయి, సెకనుకి 100. వాటిని చదును చేసేది కెపాసిటర్. అపార్ట్‌మెంట్ పైన ట్యాంకులాగా, వచ్చినప్పుడు నింపుకుని, రానప్పుడు వదులుతుంది. ఈ ఉపమానం ఎక్కడా చిరగదు, నిస్సంకోచంగా వాడుకోవచ్చు. పాత రేడియోలో వార్తల వెనక వినిపించే ‘భుం’ చాలాసార్లు ఆ కెపాసిటర్ ఎండిపోయిందనడానికి గుర్తు. మార్చేశాం అనుకున్న ఏసీ అక్కడ వినపడుతూనే ఉంటుంది.

5 వోల్టుల చార్జర్‌కి 0.7 పోవడం పెద్ద నష్టమే. అందుకే ఇప్పటి మంచి చార్జర్లు చాలావాటిలో, చివరి దశలో డయోడ్ బదులు స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ పెడుతున్నారు. తెరిచి ఉన్నంతసేపు అది రెండు వైపులా పోనిస్తుంది, దానికి దిక్కు పట్టింపు లేదు. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో పక్కనున్న చిప్ చెబుతుంది. దాన్ని వన్‌వే అనలేం. ఏకధిక్కరణి అని మాత్రం ఇప్పటికీ అనొచ్చు.