నప్పే రంగు – నప్పని శాస్త్రం

మనిషి మేనిఛాయను బట్టి అతడు ఏ ఋతువుకు చెందినవాడో తేల్చి, ఆ ఋతువుకు కేటాయించిన రంగులే కట్టుకొమ్మని చెప్పే పద్ధతి ఒకటి అమెరికాలో ఉన్నది. కెరోల్ జాక్సన్ 1980లో వెలువరించిన 'కలర్ మి బ్యూటిఫుల్' అనే పుస్తకం దానిని ఇంటింటికీ చేర్చింది. నలభై ఏళ్ళు దాటినా ఆ పద్ధతి పోలేదు సరికదా, ఈ మధ్య సియోల్ నగరపు దుకాణాల మీదుగా చుట్టు తిరిగి ఫోను తెరలమీదికి వచ్చింది. "నేను వింటర్‌నమ్మా, ఆ మెంతిరంగు చీర నాకొద్దు" అని మన ఇళ్ళలో ఆడపిల్లలు అనడం వింటున్నాము. కనుక ఆ పుస్తకాన్ని మరొకసారి తెరిచి చూడడం వృథా కాదనుకుంటాము.

పద్ధతి సులభమే. చర్మంలో నీలిజీర ఉన్నవారు వింటర్ లేదా సమ్మర్. బంగారు జీర ఉన్నవారు స్ప్రింగ్ లేదా ఆటమ్. (మనకు ఆరు ఋతువులుండగా నాలుగింటితో సరిపెట్టారన్న ఫిర్యాదు మాకు లేదు.) చిక్కెక్కడంటే, తెల్లవారిని నాలుగు గదులలో జాగ్రత్తగా సర్దిన ఈ పుస్తకం, ఆసియా, ఆఫ్రికా సంతతివారిలో అత్యధికులను వింటర్ అనే ఒక్క గదిలోకి తోసింది. పచ్చని పసిమి వారూ, చామనఛాయవారూ, నిగనిగలాడే నలుపువారూ అందరూ అందులోనే. ఈ విషయంలో మా వైద్యశాస్త్రం కూడా తక్కువేమీ తినలేదు. చర్మానికి ఇచ్చే కాంతిచికిత్స మోతాదు నిర్ణయించడానికి డాక్టర్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో చేసిన విభజన మొదట తెల్ల చర్మాలకు మాత్రమే. గోధుమ, నలుపు వర్ణాలకు అయిదు, ఆరు అంకెలు తరువాత చేరినవి.

వింటర్‌కు నిషిద్ధమైన రంగులేవయ్యా అంటే, నారింజ, ఆవపిండి పసుపు, బంగారు వన్నె, ఊదురు గోధుమ. నగ పెడితే వెండి పెట్టవలెను. బంగారం నడుముకు పైన, వెండి కాళ్ళకు అని వెయ్యేళ్ళుగా అలవాటు పడిన జాతికి ఈ సలహా ఇచ్చినవారి ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే!

ఇక ఆ 'జీర' సంగతి. ముంజేతి నరాలు నీలంగా కనిపిస్తే చల్లని ఛాయ, ఆకుపచ్చగా కనిపిస్తే వెచ్చని ఛాయ అని ఒక పరీక్ష ప్రచారంలో ఉన్నది. సిర ఏ రంగులో కనబడేదీ దాని లోతును బట్టీ, పైనున్న చర్మం వెలుతురును చెదరగొట్టే తీరును బట్టీ ఉంటుంది. ముదురు చర్మంలో చాలామందికి అసలు కనబడనే కనబడదు. సూది గుచ్చవలసిన మా వేళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. మెలనిన్ తయారుచేసే కణాల సంఖ్య తెల్లవారికీ నల్లవారికీ దాదాపు ఒకటే. తేడా అవి చేసే రేణువుల పరిమాణంలో, పంపకంలో. చర్మంలో ఎరుపు, పసుపు పాళ్ళు మనిషికీ మనిషికీ మారడం నిజమే గాని, అవి రెండు గదులుగా విడిపోయి ఉండవు; ఒకదానిలోనుంచి మరొకదానిలోకి జారిపోతూ ఉంటాయి.

మరి కొన్ని రంగులు నప్పడం, కొన్ని నప్పకపోవడం అబద్ధమా? కాదు. దానికి మంచి సమాధానం పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో దొరికింది. అక్కడ అద్దకాల అధికారి షెవ్రల్‌కు నల్లరంగు పసలేకుండా ఉన్నదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించగా లోపం అద్దకంలో లేదు, నలుపు పక్కన నేసిన నీలంలో ఉన్నది. పక్కనున్న రంగు కంటిని మార్చివేస్తుందని ఆయన 1839లో పెద్ద గ్రంథమే వ్రాశాడు. ఆపరేషన్ గదుల్లో తెల్లబట్టలు పోయి ఆకుపచ్చ, నీలం వచ్చినదీ ఇందుకే: రక్తం వంక చాలాసేపు చూసిన కంటికి తెల్లగుడ్డ మీద పచ్చని నీడలు ఆడతాయి. ముఖానికీ అంతే. నప్పడమనేది చర్మంలో దాగిన గుణం కాదు, చర్మానికీ బట్టకూ వెలుతురుకూ మధ్య జరిగే బేరం.

ఆ బేరం మన సాలెవారికి తెలియనిది కాదు. గద్వాల చీర చూడండి: ఒడలు నూలు, అంచూ పైటా పట్టు, రంగు వేరు. నెమలికంఠం రంగు పడుగొకటి, పేక వేరొకటి. కుచ్చెళ్ళు కదిలినప్పుడల్లా మారుతుంది. దానిని ఏ ఋతువులో వేస్తారు? పైగా ముఖానికి దగ్గరగా ఉండేది రవికా, భుజంమీది పైటా. మెంతిరంగు తనకు కొట్టొచ్చినట్లుందనుకునే పిల్ల వంకాయరంగు రవిక తొడిగి, అదే రంగు అంచున్న చీర కట్టి చూడవచ్చును. చీరను బీరువాలో పెట్టనక్కరలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ పుస్తకానికి చేతులెత్తి దణ్ణం పెడతాము. "నల్లపిల్లవి, ముదురు రంగులు నీకెందుకే, లేతవి కట్టు" అనే మాట మన ఇళ్ళలో ఎంత పాతదో చెప్పనక్కరలేదు. ఆ పిల్లకు మిరపపండు ఎరుపూ, మయిల్‌తుత్తం నీలమూ, మల్లెపువ్వు తెలుపూ కట్టమని ఈ పుస్తకం చెప్పింది. ఇంటివారి మాటలో నప్పడమంటే తెల్లగా కనబడడమని అర్థం. ఆ అర్థమే ముదిరి, దేశంనుంచి సూట్‌కేసుల్లో వచ్చే తెలుపు క్రీములదాకా పోతుంది. వాటిలో కొన్నింట స్టెరాయిడ్లు, కొన్నింట పాదరసం ఉంటాయి. చర్మం పలచబడి, ఎర్రటి సన్నని గీతలు తేలిన బుగ్గలతో వచ్చే మన ఆడవారిని పరీక్షగదిలో చూస్తూనే ఉన్నాము. రంగుల చీటీ పట్టుకు తిరిగే కూతురి మీద తల్లులు విసుక్కుంటున్నారు గాని, ఆ చీటీ అయినా ఆమె చర్మాన్ని మార్చుకొమ్మని చెప్పలేదు.

పుస్తకంలో చెప్పిన పని ఒకటి తప్పక చేయదగినది: అలంకరణ ఏదీ లేకుండా, పగటి వెలుతురులో, కిటికీ దగ్గర అద్దం ముందు కూర్చుని గుడ్డను గడ్డం కింద పట్టి చూసుకోవడం. మన ఊళ్ళలో కొనేవారు ట్యూబులైటును నమ్మక చీరను దుకాణం గుమ్మంలోకి తెచ్చి చూడడం ఇదే. అయితే ఇక్కడ మనం చీరలు కట్టేది ఎక్కువగా రాత్రిపూట, అద్దెకు తీసుకున్న హాళ్ళలో, పసుపుపచ్చ దీపాల కింద. ఆ వెలుతురులో నీలాలు నల్లబడతాయి, ఎరుపులు వెలుగుతాయి. ఉగాదికి కట్టదలచిన చీరను ముందటి రోజు రాత్రి అటువంటి దీపం కింద కూడా ఒకసారి విప్పి చూడండి.