పోగుకూ కండెకూ ఒకే పేరు: ‘క్యూథ్రెడ్’ పాఠంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద ఒకే ప్రోగ్రాం నడవడానికి తోడ్పడే ‘క్యూట్’ లైబ్రరీలో థ్రెడ్‌ల సృష్టికీ నిర్వహణకూ ఉద్దేశించిన క్లాస్ ‘క్యూథ్రెడ్’. దీని వాడుకలో ఏళ్ల తరబడి కొనసాగిన ఒక ప్రసిద్ధమైన అపార్థానికి కారణం పాఠకుల అజ్ఞానం కాదనీ, ఆ క్లాస్ పేరులోనూ దాని వివరణ పాఠంలోనూ ఉన్న అస్పష్టతేననీ ఈ వ్యాసం వాదిస్తుంది. ఆలంకారికుల లక్షణావృత్తి చర్చను ఇందుకు ఉపకరణంగా గ్రహిస్తుంది.

కీలకపదాలు: థ్రెడ్, క్యూట్ లైబ్రరీ, లక్షణ, ముఖ్యార్థబాధ, సాంకేతిక వచనం, పారిభాషిక పదం.

ప్రస్తావన

సాంకేతిక రచనను సాహిత్య విమర్శ సాధారణంగా తన పరిధిలోకి తీసుకోదు. ఒక లైబ్రరీతో పాటు వెలువడే వివరణ గ్రంథానికి కర్త ఉంటాడు, పాఠకుడు ఉంటాడు, పాఠాంతరాలు ఉంటాయి, వ్యాఖ్యాతల మధ్య విభేదాలూ ఉంటాయి. ఇన్ని ఉన్నచోట అర్థనిర్ణయ సమస్య ఉండక తప్పదు. పైగా ఇక్కడ అపార్థం చేసుకున్న పాఠకుడి ప్రోగ్రాం ఆగిపోతుంది. అపార్థం జరిగిందో లేదో తేల్చడానికి ఇంతకన్నా కఠినమైన గీటురాయి కావ్యవిమర్శకు దొరకదు.

ఒక ప్రోగ్రాంలోని ఆజ్ఞలు ఒకదాని వెంట ఒకటిగా అమలయ్యే వరుసే థ్రెడ్. ప్రోగ్రాం మొదలైనప్పుడు ప్రధాన థ్రెడ్ ఒక్కటే ఉంటుంది. తెరమీది కిటికీలను గీసేదీ, మౌస్ నొక్కులకు బదులిచ్చేదీ అదే. ఒక పెద్ద లెక్కను కూడా దానికే అప్పగిస్తే, ఆ లెక్క తేలేదాకా కిటికీ కదలదు. అందుకని లెక్కకు మరో థ్రెడ్‌ను సృష్టిస్తారు. ఆ సృష్టి విధానం విండోస్‌లో ఒకటి, పోసిక్స్ ప్రమాణాన్ని అనుసరించే యునిక్స్ జాతి వ్యవస్థల్లో మరొకటి. ఆ భేదాన్ని కప్పి, ప్రోగ్రామర్‌కు ఒకే ముఖాన్ని చూపడం లైబ్రరీ పని. నార్వేలో 1991లో మొదలై 1995లో తొలిసారి బహిరంగంగా విడుదలైన క్యూట్ ఇటువంటి లైబ్రరీలలో ప్రసిద్ధమైనది. దానిలో ఈ ముఖం పేరు క్యూథ్రెడ్.

బాధ కనిపించని లక్షణ

క్యూథ్రెడ్ క్లాస్‌కు చెందిన ఆబ్జెక్ట్‌ను సృష్టించినంత మాత్రాన థ్రెడ్ పుట్టదు. ‘స్టార్ట్’ అని పిలిచినప్పుడే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త థ్రెడ్‌ను పుట్టిస్తుంది. ఆ థ్రెడ్ ‘రన్’ అనే ఫంక్షన్‌లో ప్రవేశించి తన పని మొదలుపెడుతుంది. ఆబ్జెక్ట్ మాత్రం తాను పుట్టిన పాత థ్రెడ్‌కే చెంది ఉంటుంది. క్యూట్ పరిభాషలో ప్రతి ఆబ్జెక్ట్‌కూ ఒక ‘నివాస’ థ్రెడ్ ఉంటుంది. వేరే థ్రెడ్ నుంచి సిగ్నల్ వచ్చినప్పుడు ఆ ఆబ్జెక్ట్‌లోని స్లాట్, అంటే ఆ సిగ్నల్‌కు స్పందించే ఫంక్షన్, సాధారణంగా అమలయ్యేది ఆ నివాస థ్రెడ్‌లోనే. కనుక క్యూథ్రెడ్ నుంచి ఒక క్లాస్‌ను వారసత్వంగా పొంది, అందులో ఒక స్లాట్ రాసిన ప్రోగ్రామర్, అది కొత్త థ్రెడ్‌లో నడుస్తుందని నమ్ముతాడు. అది నడిచేది ప్రధాన థ్రెడ్‌లో. కిటికీ స్తంభిస్తుంది. లేదా ఒకే దత్తాంశాన్ని ఇటు స్లాటూ అటు ‘రన్’ ఫంక్షనూ ఏకకాలంలో తాకి, దానిని పాడుచేస్తాయి. రెండవది మరింత ప్రమాదకరం. పదిసార్లు సరిగా నడిచిన ప్రోగ్రాం పదకొండోసారి తప్పుతుంది.

ఇక్కడ ‘థ్రెడ్’ అన్న పదానికి వాచ్యార్థం అమలవుతున్న వరుస. క్లాస్ పేరులో కర్తలు ఉద్దేశించిన అర్థం ఆ వరుసను ఆరంభించి, నియంత్రించి, ముగించే సాధనం. వాచ్యార్థం నుంచి సంబంధితమైన మరో అర్థానికి వెళ్లడాన్ని మన ఆలంకారికులు లక్షణ అన్నారు. దానికి మమ్మటుడు చెప్పిన మూడు హేతువుల్లో మొదటిది ముఖ్యార్థబాధ. గంగలో పల్లె ఉందన్నప్పుడు ప్రవాహంలో పల్లె అసంభవం కనుక శ్రోత తనంతట తానే తీరం అన్న అర్థానికి చేరుకుంటాడు. బాధ వెంటనే తెలుస్తుంది కనుక లక్షణ ఫలిస్తుంది.

క్యూథ్రెడ్ అన్న పేరులో ఈ బాధ కనిపించదు. ‘ఈ ఆబ్జెక్ట్ ఒక థ్రెడ్’ అన్న వాక్యానికి యోగ్యతాలోపం లేదు. కంపైలర్ అభ్యంతరం చెప్పదు. ప్రోగ్రాం నడుస్తుంది కూడా. థ్రెడ్ ఇంకా నడుస్తుండగానే ఆబ్జెక్ట్ నశిస్తే ప్రోగ్రాం మొత్తం కూలిపోతుంది. ఆబ్జెక్ట్ వేరు, థ్రెడ్ వేరు అన్న సత్యం పాఠకుడికి నిస్సందేహంగా తెలిసేది అప్పుడే. ముఖ్యార్థబాధ ఉంది, కాని అది వాక్యశ్రవణ సమయంలో కాక అమలు సమయంలో వ్యక్తమవుతుంది. పాఠకుడు అభిధ దగ్గరే ఆగిపోయాడని నిందించే ముందు, అక్కడినుంచి కదలడానికి పాఠం అతనికి ఏ కారణం చూపిందని అడగవలసి ఉంటుంది.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. క్యూట్‌లోనే ‘క్యూఫైల్’ అనే క్లాస్ ఉంది. ఆ ఆబ్జెక్ట్ కూడా డిస్క్ మీది ఫైల్ కాదు, దానిని చేరే సాధనమే. మరి అక్కడ ఇంతటి అయోమయం ఎందుకు లేదు? ఫైల్ డిస్క్ మీద ఉంటుందనీ, ఆబ్జెక్ట్ మెమరీలో ఉంటుందనీ ప్రోగ్రామర్‌కు ముందే తెలుసు. ఆబ్జెక్ట్ పోతే ఫైల్ పోదనీ తెలుసు. లోకజ్ఞానం అక్కడ బాధను సమకూరుస్తుంది. థ్రెడ్‌కు అలా విడిగా చూపగల చోటు లేదు. అంతేకాక, ఎవరూ తమ పనిని క్యూఫైల్ లోపల రాయరు. క్యూథ్రెడ్ విషయంలో ‘రన్’ ఫంక్షన్ ద్వారా పనిని లోపలే రాయమని కర్తలే పిలిచారు.

తప్పెవరిది?

ఈ పిలుపు చరిత్ర గమనించదగినది. 2005లో వెలువడిన క్యూట్ 4.0 ప్రతి థ్రెడ్‌కూ సొంత ఈవెంట్ లూప్ ఉండే వీలు కల్పించింది. వచ్చే ఈవెంట్‌లను వరుసగా స్వీకరించి పంచిపెట్టే వలయమే ఈవెంట్ లూప్. ఒక ఆబ్జెక్ట్ నివాసాన్ని మరో థ్రెడ్‌కు మార్చే ‘మూవ్‌టుథ్రెడ్’ అప్పటినుంచీ ఉంది. అయినా 2008 నాటి 4.4 దాకా ‘రన్’ శుద్ధ వర్చువల్ ఫంక్షన్. అంటే క్యూథ్రెడ్ నుంచి వారసత్వం పొందకుండా దానిని వాడడమే సాధ్యం కాదు. 4.4లో ‘రన్’కు ఒక సహజ ప్రవర్తన ఏర్పడింది: ఈవెంట్ లూప్‌ను నడపడం. దానితో, చేయవలసిన పనిని ఒక సాధారణ ఆబ్జెక్ట్‌లో రాసి, దానిని కొత్త థ్రెడ్‌కు తరలించే మార్గం సులువైంది.

రెండేళ్ల తర్వాత, 2010 జూన్‌లో, క్యూట్ అభివృద్ధి బృందానికి చెందిన బ్రాడ్లీ హ్యూస్ ఒక చిన్న వ్యాసం రాశాడు. మీరు చేస్తున్నది తప్పు అన్నది దాని శీర్షిక భావం. క్యూథ్రెడ్ అనేది ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్‌ను నియంత్రించే స్థానమనీ, అమలు కావలసిన పనిని అందులో రాయకూడదనీ దాని సారాంశం. వారసత్వ క్లాస్ తన నిర్మాణ సమయంలో తనను తానే తన థ్రెడ్‌లోకి తరలించుకునే చిట్కా అప్పటికి బాగా ప్రచారంలో ఉంది. హ్యూస్ ముఖ్యంగా దానిని ఖండించాడు. ఎంత నేర్చిన నటుడైనా తన భుజం తానెక్కలేడన్న న్యాయం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. థ్రెడ్‌ను బయటినుంచి నియంత్రించవలసిన ఆబ్జెక్ట్ ఆ థ్రెడ్ లోపలే కాపురం పెడితే, థ్రెడ్ ముగిశాక దానికి వచ్చే ఈవెంట్‌లను అందుకునేవారే ఉండరు.

సాంకేతికంగా హ్యూస్ వాదం సరైనదే. విమర్శగా అది అసంపూర్ణం. రెండేళ్ల కిందటి వరకూ వారసత్వాన్ని విధిగా కోరిన పాఠం, దానిని పాటించిన పాఠకుడిని తప్పుపట్టడం న్యాయమనిపించుకోదు. పాఠాన్ని మార్చిన కర్త, పాత పాఠం చదివి పెరిగిన పాఠకుడికి ఆ మార్పును మార్పుగానే చెప్పవలసింది. తర్వాతి కాలంలో వివరణ గ్రంథం తన మాటను సవరించుకుంది. క్యూథ్రెడ్ థ్రెడ్‌కు ప్రతినిధి అన్న ధోరణి పోయి, అది ఒక థ్రెడ్‌ను నిర్వహిస్తుందన్న వాక్యం వచ్చింది; పనిని విడి ఆబ్జెక్ట్‌లో ఉంచే ఉదాహరణ ముందుకు చేరింది. ఆ ఒక్క క్రియాపదం మార్పు వందల ప్రశ్నోత్తరాల కన్నా విలువైనదని నా అభిప్రాయం. పేరు మాత్రం మారలేదు, మార్చే వీలూ లేదు. లోకంలోని ప్రోగ్రాంలన్నీ దాని మీద నిలబడి ఉన్నాయి.

హ్యూస్‌కు ప్రత్యుత్తరంగా ఒలివియే గోఫార్ట్, మీరు చేసింది అంత తప్పేమీ కాదన్న అర్థం వచ్చే శీర్షికతో మరో వ్యాసం రాశాడు. ఈవెంట్ లూప్ అవసరం లేని పనికి వారసత్వమే సరళమైన దారి అని అతని వాదం. ఈ వాదానికి బలమైన సాక్ష్యం క్యూట్‌తో పాటే వచ్చే మాండెల్‌బ్రోట్ ఉదాహరణలో ఉంది.

మాండెల్‌బ్రోట్ ఉదాహరణ

ఆ ఉదాహరణలో చిత్రాన్ని లెక్కించే క్లాస్ క్యూథ్రెడ్‌కు వారసురాలే. అందులో ‘రెండర్’ అనే ఫంక్షన్ ఉంది, ‘రన్’ ఉంది. రెండూ పక్కపక్కనే, ఒకే క్లాస్‌లో. కాని రెండర్‌ను పిలిచేది ప్రధాన థ్రెడ్, రన్ నడిచేది కొత్త థ్రెడ్‌లో. వాటి మధ్య పంచుకున్న కేంద్రబిందువు, పరిమాణం మొదలైన విలువలను మ్యూటెక్స్ కాపాడుతుంది. వాడుకరి చిత్రాన్ని పక్కకు జరిపితే రెండర్ మ్యూటెక్స్‌ను చేజిక్కించుకుని, కొత్త విలువలు రాసి, మళ్లీ మొదలుపెట్టమన్న గుర్తు ఉంచుతుంది. నిద్రిస్తున్న థ్రెడ్‌ను లేపుతుంది. లెక్క మధ్యలో ఉన్న థ్రెడ్ అప్పుడప్పుడూ ఆ గుర్తును చూసుకుంటూ, కనబడగానే పాత లెక్కను వదిలేస్తుంది.

వచనంగా చూస్తే ఇది ప్రమాదకరమైన రచన. ఏ ఫంక్షన్ ఏ థ్రెడ్‌లో నడుస్తుందో క్లాస్ రూపం చెప్పదు. చదివేవాడు ప్రతి వాక్యం దగ్గరా వక్త ఎవరని అడుగుతూ సాగాలి. అయినా ఇది నిర్దుష్టంగా నడుస్తుంది. కారణం దాని ముగింపులో తెలుస్తుంది. ఆబ్జెక్ట్ నశించేముందు ఆపమన్న గుర్తు పెడుతుంది, థ్రెడ్ నిద్రలో ఉంటే లేపుతుంది, ఆపైన అది పూర్తయ్యేదాకా వేచి ఉంటుంది. గుర్తు పెట్టి లేపకపోతే థ్రెడ్ నిద్రలోనే ఉండిపోయి ఈ నిరీక్షణకు అంతం ఉండదు. లేపి వేచి ఉండకపోతే ఇంకా నడుస్తున్న థ్రెడ్ కింద నేల కుంగుతుంది. థ్రెడ్‌ను పుట్టించడానికి పట్టింది ఒక్క పంక్తి.

నిర్వహణ అన్న మాటకు అసలు అర్థం ఈ ముగింపులో ఉంది. క్యూట్‌లో ‘టెర్మినేట్’ అనే ఫంక్షన్ కూడా ఉంది, కాని దాని వివరణలో హెచ్చరిక ఉంది. దత్తాంశాన్ని మారుస్తున్న థ్రెడ్‌ను మధ్యలో చంపితే, అది పట్టుకున్న మ్యూటెక్స్ ఎప్పటికీ విడుదల కాకపోవచ్చు. ‘క్విట్’ మృదువైనది, కాని ఈవెంట్ లూప్ లేని థ్రెడ్ మీద అది ఏ ప్రభావమూ చూపదు. అంతులేని వలయంలో తిరుగుతున్న ‘రన్’కు ఆ పిలుపు వినబడనే వినబడదు. 5.2లో వచ్చిన ‘రిక్వెస్ట్‌ఇంటరప్షన్’ పేరులోనే అభ్యర్థన ఉంది. ఇతర చోట్లా ఇదే జరిగింది. జావా తన ‘స్టాప్’ పద్ధతిని 1998 నాటి 1.2లోనే వాడవద్దంది. ఆటల రచనలో ప్రసిద్ధమైన ఎస్.డి.ఎల్. లైబ్రరీ తన రెండవ తరంలో థ్రెడ్‌ను చంపే ఫంక్షన్‌ను తొలగించింది. సి++ భాష 2020 ప్రమాణంలో, ఆగమని అడిగి, పూర్తయ్యేదాకా తానే వేచి ఉండే ‘జేథ్రెడ్’ను చేర్చింది.

ఇంత చేసినా లైబ్రరీకి ఒక హద్దు ఉంది. థ్రెడ్‌లను లైబ్రరీగా మాత్రమే అమలు చేయలేమని హాన్స్ బోమ్ 2005లో నిరూపించాడు. థ్రెడ్‌ల ఉనికి ఎరుగని కంపైలర్, వేగం కోసం ఆజ్ఞల క్రమాన్ని మార్చే స్వేచ్ఛ తనకుందనుకుంటుంది. దానిని భాషా ప్రమాణమే నిరోధించాలి. ఆ లోటు సి++ 2011 ప్రమాణంలోని మెమరీ నమూనాతో తీరింది. 2006లో ఎడ్వర్డ్ లీ మరింత ముందుకు వెళ్లి, థ్రెడ్‌లు ప్రోగ్రాం నుంచి నిశ్చితత్వాన్నే హరిస్తాయని వాదించాడు. ఆయన వాదాన్ని పూర్తిగా అంగీకరిస్తే క్యూథ్రెడ్ పేరు మీద ఈ చర్చ చిన్నదైపోతుంది. అయినా థ్రెడ్‌లతోనే పని చేయక తప్పని ప్రోగ్రాంలు ఉన్నంతకాలం వాటి వివరణ పాఠం సక్రమంగా ఉండడం చిన్న విషయం కాదు.

తెలుగులో చెప్పేటప్పుడు

2021–22 విద్యాసంవత్సరం నుంచి తెలుగులోనూ ఇంజినీరింగ్ బోధనకు ఎ.ఐ.సి.టి.ఇ. వీలు కల్పించింది. కనుక ఈ భావాలను తెలుగు వాక్యంలో పెట్టే పని అధ్యాపకుల ముందుంది. థ్రెడ్‌ను పోగు అంటే చాలా చక్కగా ఒదుగుతుంది. ఎడతెగని ఒంటి వరుస అన్న భావం అందులో ఉంది. చిక్కు క్యూథ్రెడ్ దగ్గర వస్తుంది. దానినీ పోగు అంటే మూలంలోని దోషం తెలుగులోకి దిగుమతి అవుతుంది. నేత తెలిసిన భాషకు పోగు వేరు, పోగును చుట్టిన కండె వేరు. కండెను చేతిలో పట్టుకున్నవాడు పోగును నడిపించగలడు. తాను పోగు కాడు. ఈ ఉపమానమూ కొంతదూరమే వస్తుంది, ఎందుకంటే కండెలో పోగు ముందే ఉంటుంది, క్యూథ్రెడ్‌లో ‘స్టార్ట్’ దాకా ఏమీ ఉండదు. ఖాళీ కండె అంటే కొంత మేలు. పారిభాషిక పదంగా ‘పోగు నిర్వాహకం’ పొడిగా ఉన్నా, అపార్థానికి తావివ్వదు కనుక పాఠ్యపుస్తకానికి నేను దానినే ఎంచుకుంటాను.

మరొక పదం గురించి జాగ్రత్త అవసరం. ఒక థ్రెడ్ పూర్తయ్యేదాకా ఆగడాన్ని పోసిక్స్, సి++ ‘జాయిన్’ అంటాయి, క్యూట్ ‘వెయిట్’ అంటుంది. మొదటి దానిని ‘కలపడం’ అని అనువదిస్తే రెండు పోగులు అతికి ఒకటవుతాయని విద్యార్థి ఊహిస్తాడు. అక్కడ జరిగేది అది కాదు. ఒకటి ముగుస్తుంది, మరొకటి అంతదాకా కదలక నిలుస్తుంది. ఈ ఒక్కచోట క్యూట్ పేరు పెట్టిన తీరు మిగిలినవాటికన్నా నిజాయితీగా ఉంది. ఎవరు ఆగుతున్నారో అది చెబుతుంది. ప్రధాన థ్రెడ్ ‘వెయిట్’లో నిలిచి ఉండగా, రెండవ థ్రెడ్ ప్రధాన థ్రెడ్ జవాబు కోసం ఎదురుచూస్తే రెండూ శాశ్వతంగా అక్కడే ఉండిపోతాయి. ‘వేచి ఉండు’ అని చదువుకున్న విద్యార్థి ఈ ప్రతిష్టంభనను వాక్యంలోనే పసిగట్టగలడు. ‘కలుపు’ అని చదువుకున్నవాడికి ఆ అవకాశం లేదు.