క్యాన్సరు పాఠములో స్విచ్చి ఉపమానము

క్యాన్సరును గూర్చి బడిలో చెప్పవలసి వచ్చినప్పుడు ఉపాధ్యాయులకు సులభముగా దొరికే ఉపమానము విద్యుత్తు స్విచ్చి. ఒక చెడ్డ జన్యువు స్విచ్చి వలె పడినదని, దానితో కణము విభజన మొదలుపెట్టి మరి ఆగలేదని చెప్తారు. పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. పరీక్షలో వ్రాయడమునకూ వీలుగా ఉంటుంది. కాని ఈ ఉపమానము కథలో ఒక భాగమునకే సరిపోతుంది. తక్కిన భాగమును కప్పివేస్తుంది.

దీనికి మంచి నిదర్శనము ఒక తెలుగు శాస్త్రజ్ఞుని కృషిలోనే ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది అమెరికా వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి 1982లో సహచరులతో కలిసి రెండు ఫలితములు ప్రకటించినారు. మొదటిది మానవుని మూత్రాశయపు క్యాన్సరు కణములలోని రాస్ జన్యువును గూర్చినది. 189 అమైనో ఆమ్లముల ఆ ప్రొటీనులో 12వ స్థానమున గ్లైసీనుకు బదులు వాలీను చేరడమే దోషమని తేలినది. అదే ఏడు మరి రెండు బృందములు కూడ ఈ సంగతినే కనుగొన్నవి. రాస్ కణపు పొరకు లోపలివైపున అంటుకొని ఉండి, బయటి కబురును లోపలికి అందించే ప్రొటీను. అది నిజముగానే స్విచ్చి: పని పడినప్పుడు తెరుచుకొని, పని తీరగానే మూసుకొంటుంది. ఆ ఒక్క మార్పుతో మూసుకోలేకపోతుంది. ఇంతవరకు ఉపమానమునకు వంక పెట్టరాదు.

రెండవది కోళ్ళకు రక్తపు క్యాన్సరు తెచ్చే ఒక వైరసులోని మిబ్ జన్యువు. దీని ప్రొటీను పొర దగ్గర ఉండదు. కేంద్రకములో డి.ఎన్.ఎ.ను పట్టుకొని, ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయవలెనో నిర్ణయించే ప్రొటీనులలో ఇది ఒకటి. వీటికి జన్యు నియంత్రక ప్రొటీనులని పేరు. ఇక్కడ స్విచ్చి పనికిరాదు. మిబ్ ఉత్త చెడ్డదే అయితే, అది లేని ప్రాణి సుఖముగా ఉండవలె. 1991లో చుంచెలుకలలో ఆ జన్యువును పోగొట్టి చూడగా, పిండములు సుమారు 15వ రోజున చనిపోయినవి. వాటి కాలేయములో రక్తము సరిగా తయారు కాలేదు.

అనంతపురపు పిల్లలకు ఇంతకంటె దగ్గరి ఉపమానము చెరువు కట్టపైనే ఉన్నది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్టసీమలో చెరువు నీటిని పంచడమునకు పూర్వము నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఏ కయ్యకు ఎంతసేపు నీరు పారవలెనో అతడే చూచేవాడు. తూము ఎత్తితే ఒక్క కయ్య కాదు, ఆయకట్టంతా కదులుతుంది. నీరుగంటి లేకపోతే పైరు ఎండుతుంది. వేళ కాని వేళ, లెక్క లేక తూమెత్తితే కుళ్ళుతుంది. కోళ్ళ వైరసులోని మిబ్ ఈ రెండవ రకము. రెండు కొసలూ తెగి, తనను అదుపులో ఉంచే భాగమును పోగొట్టుకొన్నది. దాని ఏలుబడిలో రక్తకణములు ఎదగవలసిన వేళ ఎదగక, విభజన మాత్రము సాగిస్తవి. (నీరుగంటికి బుద్ధి ఉన్నది, ప్రొటీనుకు లేదు, ఆకారము కుదిరిన చోట అతుక్కోవడమే దాని పని. ఈ హద్దును కూడ తరగతిలో చెప్పవలె.)

వ్యాధి పెరగడము వేరు, పాకడము వేరు. స్విచ్చి ఉపమానము ఈ భేదమును పూర్తిగా మింగివేస్తుంది. ట్విస్ట్ అనే నియంత్రకము మొదట పండ్ల ఈగ పిండములో తెలిసినది. శరీరపు పొరలు ఏర్పడే వేళ కొన్ని కణములు లోపలికి కదలడమునకు అది కావలె. 2004లో అమెరికా శాస్త్రజ్ఞులు చుంచెలుకల రొమ్ము క్యాన్సరు కణములలో ట్విస్టును అణచి చూచినారు. రొమ్ములో గడ్డ పెరిగినది. ఊపిరితిత్తులకు పాకడము మాత్రము బాగా తగ్గినది. పక్క కణమును పట్టి ఉంచే ఇ-కాడ్హెరిన్ అనే ప్రొటీను తయారీని ట్విస్ట్ తగ్గిస్తుంది; పట్టు వదలిన కణము కదిలిపోతుంది. క్యాన్సరు ఇక్కడ కొత్త విద్య నేర్చినది కాదు. పిండదశలో చేసి మానిన పనిని మరల ఎత్తుకొన్నది.

ఇది మాటల పట్టింపు కాదు. "క్యాన్సరు జన్యువు" అని బోర్డుపై వ్రాసినప్పుడు, తల్లి ఆ జబ్బుతో మంచాన ఉన్న పిల్ల దానిని తన ఇంటి జన్యువుగా వినే ప్రమాదమున్నది. వంశపారంపర్యముగా వచ్చే క్యాన్సర్లు నూటికి 5 నుండి 10 వరకే. మిగిలినవాటిలో మార్పులు జీవితకాలమున శరీరకణములలో జరుగుతవి. అవి బిడ్డలకు పోవు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరులోనైతే మూలము దాదాపు ఎల్లప్పుడు బయటినుండి వచ్చినదే: పాపిలోమా వైరసు ప్రొటీను ఇ6, విభజనను ఆపగల పి53 అనే నియంత్రకమును నాశనము చేయిస్తుంది. సాధారణముగా పి53 జన్యువులో ఏ దోషమూ ఉండదు. ఐనా కాపలా పోతుంది. ఈ వైరసుకు టీకా ఉన్నది.

స్విచ్చి అనుకొన్నవారికి మందు కూడ సులభముగానే తోస్తుంది: ఆపివేస్తే సరి. కాని నియంత్రక ప్రొటీనులలో చాలవాటికి మందు అణువు ఇమిడే గుంట లేదు. పైగా అవి మిబ్ వలె ఆరోగ్యమునకూ కావలసినవే. మందు కుదిరిన ఒక చోట అది కుదిరిన తీరు చూడదగినది. ఒక రకపు రక్తపు క్యాన్సరులో రెండు జన్యువులు విరిగి అతుక్కొని వికృతమైన నియంత్రకము పుడుతుంది. అది తెల్లకణములను పసితనములోనే నిలిపివేస్తుంది. దానికి షాంఘై వైద్యులు 1988లో ప్రకటించిన చికిత్స, ఎ విటమినుకు బంధువైన రెటినోయిక్ ఆమ్లము. ఆ మందుతో పసికణములు ఎదిగి, పెద్దవై, ఆయువు తీరి రాలిపోతవి.