పగ్గం లేని బండి

2009 జూన్ 1న లాస్ ఏంజెలెస్‌లో, ఈ3 గేమింగ్ ప్రదర్శన సందర్భంగా మైక్రోసాఫ్ట్ ఒక చిన్న వీడియో చూపించింది. విశాలమైన హాలు, పెద్ద టీవీ, టీవీ ముందు ఒక కుటుంబం. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఒకరు గాలిలో స్టీరింగ్ తిప్పితే తెర మీద కారు మలుపు తిరుగుతుంది. ఇంకొకరు లేచొచ్చి గాలిలోనే ఆ కారు టైరు మారుస్తారు. ఒక కుర్రాడు తన స్కేట్‌బోర్డుని తెరకి చూపిస్తే అది అచ్చంగా ఆటలోకి వెళ్లిపోతుంది. అప్పటికి ఆ వస్తువు పేరు ప్రాజెక్ట్ నాటాల్. మరుసటి ఏడాది నవంబరు 4న అమెరికా దుకాణాల్లోకి కినెక్ట్ అన్న పేరుతో వచ్చింది. దాని నినాదం: కంట్రోలర్ మీరే.

సాధారణంగా ఇక్కడ మనం కథల గురించీ నవలల గురించీ మాట్లాడుకుంటాం. ఈ ప్రచారాన్ని కూడా కథలాగే చదవొచ్చని నాకనిపిస్తుంది. ఇందులో ఒక విలన్ ఉన్నాడు. ఒళ్లంతా బటన్లున్న కంట్రోలర్. మీకూ ఆటకీ మధ్య అడ్డుగా నిలబడ్డవాడు. వాణ్ణి తప్పిస్తే చాలు, మీరు నేరుగా ఆటలోకి అడుగుపెడతారు. చక్కటి కథే. మరి ఈ కథ మనింటి దాకా వచ్చేసరికి ఏమైంది?

కొనేవాళ్లు లేక పోయిందనడానికి వీల్లేదు. మొదటి 60 రోజుల్లో 80 లక్షల కినెక్ట్‌లు అమ్ముడుపోయి గిన్నిస్ రికార్డు అయింది. 2017 అక్టోబరులో తయారీ ఆపేసేనాటికి మొత్తం లెక్క మూడున్నర కోట్ల దాకా వెళ్లింది. అన్ని ఇళ్లలోకి చేరి కూడా, చివరికి అటక మీదికి ఎక్కిన వస్తువు అది.

పరికరం చేసే పని కూడా చిన్నదేమీ కాదు. కంటికి కనపడని పరారుణ కాంతి చుక్కల్ని గదంతా చల్లుతుంది. ఆ చుక్కల అమరిక ఎక్కడెలా చెదిరిందో ఒక కెమెరా చూస్తుంది. దాన్నిబట్టి ఏది ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది. ప్రైమ్‌సెన్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీ తయారుచేసిన పద్ధతి అది. ఆ దూరాల బొమ్మలో ఏది తల, ఏది మోచెయ్యి, ఏది మోకాలు అని సెకనుకి 30 సార్లు గుర్తుపట్టే ప్రోగ్రాం వెనక కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ పరిశోధకుల పని ఉంది. 2011లో వాళ్లు ప్రచురించిన పేపరు చదివితే ఇంజనీరుగా నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అందుకే "టెక్నాలజీ ఇంకా ముదరలేదు, అంతే" అనే వివరణ నాకు చాలదు. లోపం ఆ కథలోనే ఎక్కడో ఉంది.

ముందు గది సంగతి చూద్దాం. ఒకరు ఆడాలంటే సెన్సర్‌కి దాదాపు 6 అడుగుల దూరంలో నిలబడాలి. ఇద్దరైతే 8 అడుగులు. మధ్యలో ఏమీ ఉండకూడదు. మదనపల్లెలో నేను పెరిగిన వీధిలో హాలంటే 10 అడుగులకి 12 అడుగులు. అందులోనే దివాన్, షోకేసు, ఫ్రిజ్, కుట్టుమిషను, మూలన బియ్యం మూట. తలుపు తీస్తే ఎండ నేరుగా లోపలికొస్తుంది. ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది కాబట్టి సెన్సర్ చల్లిన చుక్కలు అందులో కలిసిపోతాయి. పైగా ఆ పరికరం ఎదురుగా ఉన్న ఆరుగుర్ని గుర్తించగలిగినా, ఇద్దరి కదలికల్ని మాత్రమే పూర్తిగా వెంటాడగలదు. మన ఇళ్లల్లో ఆటంటే ఇద్దరు ఆడటం, ఎనిమిదిమంది వెనక నిలబడి "ఎడం పక్కకి రారా" అని అరవటం, మధ్యలో పిన్ని కాఫీ గ్లాసులతో అడ్డంగా నడిచిపోవటం. నాటాల్ వీడియోలో ఎవరూ అలా అడ్డం నడవరు. ఆ కథ ఊహించుకున్న ఇల్లు అమెరికాలో ఊరి బయట కట్టుకునే ఇల్లు. లండన్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు కూడా సోఫాలు జరుపుకుంటూనే ఆడారు.

గది పెద్దదైతే సరిపోయేదా అంటే, అప్పుడు అసలు చిక్కు బయటపడేది.

అదే 2009 ఈ3లో పీటర్ మాలినూ అనే పేరున్న గేమ్ డిజైనర్ మైలో అనే పిల్లాణ్ణి పరిచయం చేశాడు. తెరలోపల ఉండే పిల్లాడు. మీ మొహం చూసి మీ మనసు పసిగడతాడు, మీరు కాగితం మీద గీసిన బొమ్మని అందుకుంటాడు అని డెమోలో చూపించారు. ఆ డెమోలో ఒక క్షణం ఉంది. మైలో ఈత కళ్లద్దాలని తెర బయటికి విసురుతాడు. ఆడుతున్నావిడ అప్రయత్నంగా వంగి వాటిని పట్టుకోబోతుంది. చూశారా, అందరూ ఇలాగే చేస్తారు అని మాలినూ మురిసిపోతాడు. తన సృష్టి గెలిచిందనడానికి అదే రుజువని ఆయన ఉద్దేశం. నాకు మాత్రం అందులో ఓటమి కనిపిస్తుంది. ఆమె చెయ్యి ఒక వస్తువుని అడిగింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. మైలో ఎన్నడూ మార్కెట్లోకి రాలేదు.

ఆ పనిలో కొంత భాగం 2012లో ఫేబుల్: ది జర్నీ అనే ఆటలోకి చేరింది. అందులో మీరు గాబ్రియేల్ అనే కుర్రాడు. గుర్రపుబండి తోలాలి. సోఫాలో కూర్చుని, రెండు చేతులూ ముందుకి చాపి, లేని పగ్గాలు పట్టుకోవాలి. చేతులు జాడిస్తే గుర్రం వేగం పెంచుతుంది. ఒక చెయ్యి వెనక్కి లాగితే బండి పక్కకి తిరుగుతుంది.

ఈ ఆట దగ్గర నేను పుంగనూరు గురించి చెప్పాలి. పుంగనూరు అనగానే ఇప్పుడందరికీ మూడడుగులైనా లేని పొట్టి ఆవులు గుర్తొస్తాయి. నాకు గుర్తొచ్చేది మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఎద్దులబండి. వేరుశనగ మూటలు దించి ఖాళీ బండితో వచ్చేటప్పుడు తాత నన్ను ముందర కూర్చోబెట్టుకుని పగ్గాలు నా చేతికిచ్చేవాడు. ఎద్దు తల విదిలిస్తే నా చెయ్యి ఊగేది. దారి ఎగుడుకొస్తే పగ్గం బిగుసుకునేది, దిగుడుకొస్తే వదులయ్యేది. ఎడమెద్దు అలిసిపోయిందన్న సంగతి కంటికంటే ముందు చేతికి తెలిసేది. నేను ఎద్దులకి ఏం చెప్పానో తెలీదుగానీ అవి నాకు చాలా చెప్పేవి.

ప్రచారం దాచిన విషయం ఇదే. పగ్గం ద్వారా మనం ఆజ్ఞ ఇవ్వడం సగం సంగతే. మిగతా సగం బండి మనకి బదులు చెప్పడం. గేమ్ కంట్రోలర్‌ కూడా అంతే. బటన్ నొక్కితే వేలికి తెలుస్తుంది. బండి గోడకి గుద్దుకుంటే చేతిలో వణుకు పుడుతుంది. 2006లో వచ్చిన నింటెండో వీ కూడా ఒంటిని కదిలించి ఆడే ఆటే. కానీ చేతిలో ఒక రిమోట్ ఉండేది. అది వణికేది, అందులో చిన్న స్పీకరు మోగేది. అవి పది కోట్లు దాటి అమ్ముడుపోయాయి. కినెక్ట్ ఆ రిమోట్‌ని కూడా తీసేసింది. మనం చెప్పేది ఆటకి వినపడుతుంది. ఆట మన చేతికి ఏమీ చెప్పదు. దానికి తోడు మనం కదిలాక తెర మీద బొమ్మ కదలడానికి పదో వంతు సెకనో, ఇంకాస్తో పడుతుంది. చేతికి బదులు రాదు, కంటికొచ్చే బదులు కూడా ఆలస్యంగా వస్తుంది. ఆటలో నడవడానికి కూడా దారి లేదు. గదిలో నాలుగడుగులు వేస్తే గోడ. అందుకే చాలా కినెక్ట్ ఆటల్లో మనం పట్టాల మీద రైల్లాగా వాళ్లు తీసుకెళ్లిన చోటికే వెళ్తాం. కంట్రోలర్ మీరే అన్న ఆటలో మనకి దక్కిన కంట్రోలు చాలా తక్కువ.

అయితే ఒంటితో ఆడటమే దండగ అనను. మా జిల్లా వాడెవడూ అనలేడు. కుప్పం, పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో భారతం జరుగుతుంది. 18 రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఒకరోజు అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను ఎక్కుతాడు. కింద జనం కొంగులు పట్టుకుని నిలబడితే పైనుంచి నిమ్మకాయలు, పళ్లు విసురుతాడు. ఆఖరి రోజు మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడు పడుకుని ఉంటాడు. భీముడు గదతో తొడ మీద కొడతాడు. ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది.

అక్కడ కథని నడిపేది మనిషి ఒళ్లే. కానీ ఆ ఒంటికి ప్రతిచోటా బదులొస్తుంది. మాను కాళ్లకి బదులు చెబుతుంది. గద బరువు భుజానికి తెలుస్తుంది, మట్టి తొడ పగిలిన సంగతి చేతికి తెలుస్తుంది. జనం కేక వేషగాడి గొంతుని ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. చేతిలో గద లేకుండా, ఎదురుగా మట్టి లేకుండా, ఖాళీ గదిలో ఆ దెబ్బ కొట్టమంటే ఎంత గొప్ప భీముడైనా తేలిపోతాడు.

కినెక్ట్‌లో నిలబడ్డ ఆటలు కూడా ఈ సంగతి తెలిసినవాళ్లు చేసినవే. హార్మొనిక్స్ అనే సంస్థ 2010లో తెచ్చిన డాన్స్ సెంట్రల్ నా దృష్టిలో వాటన్నిటికంటే మంచిది. చిత్రం ఏమిటంటే అంతకుముందు గిటార్ హీరో, రాక్ బ్యాండ్ ఆటలతో జనం చేతికి ప్లాస్టిక్ గిటార్లు ఇచ్చింది వీళ్లే. చేతిలో వస్తువు విలువ తెలిసినవాళ్లు కాబట్టి, అది లేనప్పుడు ఏం చెయ్యాలో కూడా వాళ్లకి తెలిసింది. డాన్స్‌కి చేతిలో ఏమీ అక్కర్లేదు. నేల ఉంది, తాళం ఉంది, చూసేవాళ్లు ఉన్నారు. రాబోయే అడుగు ముందే తెర పక్కన చూపిస్తారు గనక ఆలస్యం తెలీదు. చెయ్యి తప్పుగా వేస్తే తెరమీది డాన్సర్ చెయ్యి ఎర్రబడుతుంది. కుప్పంలో మా బంధువుల ఇంట్లో ఒక సంక్రాంతికి ఇది ఆడితే, మా అత్త కూతురు అక్కడున్న కుర్రాళ్లందర్నీ ఓడించింది. ఇంగ్లిషు పాట ఒక్క ముక్క అర్థం కాకుండానే. ఆ రోజు ప్రచారం చెప్పింది అక్షరాలా నిజమైంది. కాకపోతే ఒంటి ఆనందం ఒంట్లోనే పూర్తయ్యే డాన్స్ లాంటి చోట్ల మాత్రమే అది నిజమవుతుంది. బండి తోలడం, కత్తి పట్టడం, బంతి విసరడం లాంటి చోట్ల కాదు.

2013 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్‌తోపాటు కొత్త కినెక్ట్‌ని తప్పనిసరి చేశారు. ధర 499 డాలర్లు. పోటీగా ఉన్న ప్లేస్టేషన్ 4 ధర 399. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు తీసుకున్నాడు. మూడు నెలలు దాటిన కొద్ది రోజులకే కినెక్ట్ లేని ఎక్స్‌బాక్స్‌ని 399కే అమ్ముతామని కంపెనీ ప్రకటించింది. గేమింగ్‌లో కినెక్ట్ కథ అక్కడితో ముగిసినట్టే.

కానీ ఆ చుక్కలు పోలేదు. 2013లో ప్రైమ్‌సెన్స్‌ని ఆపిల్ కొనేసింది. 2017 నాటి ఐఫోన్ టెన్ మన మొహాన్ని గుర్తుపట్టేది ఇలాంటి చుక్కలు చల్లే పద్ధతితోనే. ఆటకి కంట్రోలర్ కావలసిన ఒళ్లు, తాళానికి తాళంచెవి అయింది. ఈ మార్పుని తేలిగ్గా తీసుకోకూడదని నాకెందుకనిపిస్తుందంటే, నాటాల్ వీడియో చేరని మా ఊళ్లకి "మీ ఒళ్లే చాలు" అన్న మాట ఇంకో దారిలో చేరింది. 2015 నుంచి మన రాష్ట్రంలో రేషన్ షాపుల్లో ఈ-పాస్ యంత్రాలొచ్చాయి. వేలు పెడితే బియ్యం. పలుగూ పారా పట్టి, టమాటా తోటల్లో పనిచేసి గీతలు అరిగిపోయిన వేళ్లకి ఆ యంత్రం ఒప్పుకోదు. "వేలిముద్ర పడలే" అన్నది ఇప్పుడు మా పల్లెల్లో మామూలు మాట. ఆటలో కెమెరా మనల్ని గుర్తించకపోతే నవ్వి ఊరుకుంటాం. షాపు ముందు లైన్లో నిలబడ్డ ముసలమ్మకి ఆ సౌకర్యం లేదు. ఎందుకు పడలేదో యంత్రం చెప్పదు. ఇంకెలా పెట్టాలో ఆమె చేతికి తెలిసే దారి లేదు. బదులు చెప్పని యంత్రం సమస్య హాల్లో ఉన్నప్పుడు చిరాకు, అక్కడ ఉన్నప్పుడు ఆకలి.

ఇప్పుడు మళ్లీ కంట్రోలర్ లేని రోజులొచ్చాయని హెడ్‌సెట్ల ప్రచారం నడుస్తోంది. 2024లో అమ్మకానికొచ్చిన ఆపిల్ విజన్ ప్రోలో దేన్నైనా ఎంచుకోవాలంటే బొటనవేలునీ చూపుడువేలునీ కలిపి నొక్కాలి. వేలికి వేలు తగులుతుంది కాబట్టి నొక్కినట్టు మనకి తెలుస్తుంది. కినెక్ట్ కథ నుంచి ఎవరో ఒకరు పాఠం నేర్చుకున్నారన్నమాట. ఈసారి ఇలాంటి డెమో వీడియో మీ దగ్గరికొస్తే తెర మీద ఏం జరుగుతోందో కాసేపు పక్కన పెట్టి, ఆడేవాళ్ల చేతుల్ని చూడండి. వాటికి తగిలేది ఏదైనా ఉందా, లేక గాలినే పట్టుకుంటున్నాయా అన్నది చూస్తే చాలు, డబ్బు పెట్టాలో వద్దో తెలిసిపోతుంది.