అడుగూ, డోలూ: లాటిన్ జాజ్‌లో క్యూబా వాటా

లాటిన్ జాజ్ గురించి మాట్లాడేవారు తరచుగా వొక మాట అంటుంటారు: జాజ్ ఆలోచన యిచ్చింది, క్యూబా లయ యిచ్చింది అని. వినడానికి యిది ప్రశంసలాగే వుంటుంది. కాని మెదడు వొకరిదీ, చెయ్యి మరొకరిదీ అనే పాత విభజన యిందులో దాగి వుంది. జాజ్‌నూ, రుంబానూ సృష్టించినవారు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతివారే. అటువంటి రెండు కళల మధ్య యీ హెచ్చుతగ్గులు ఎక్కడి నుంచి వచ్చాయి?

క్యూబాలో బానిసత్వం 1886లో రద్దయింది. హవానా, మతాంజాస్ రేవుపట్టణాలలో నల్లజాతి శ్రామికులు తమ వాడల్లో రుంబాను పెంచారు. డోళ్ళు లేనిచోట సరుకుల చెక్కపెట్టెల మీదనే వాయించారు. రుంబాలో కొలంబియా అనే రకం వుంది. ఆటగాడు వొక్కడే వలయంలోకి దిగుతాడు. కింతో అనే హెచ్చుస్థాయి డోలు అతని అడుగును కనిపెట్టి జవాబు చెబుతుంది. అంటే అక్కడ డోలుకు నాట్యం అనుబంధం కాదు. అడుగూ డోలూ సంభాషిస్తాయి.

దీనికంతటికీ ఆధారం క్లావే. రెండు కర్రముక్కలతో వేసే అయిదు దెబ్బలు: వొక భాగంలో మూడు, మరో భాగంలో రెండు. పాటా, వాద్యమూ, అడుగూ దానికి కట్టుబడి నడవాలి. దీన్ని వొట్టి ఉద్రేకమనడం పొరపాటు. యిది సంగీతానికి వ్యాకరణం. వ్యాకరణం కల్పించినవారికి ఆలోచన లేదనగలమా?

ఈ విషయం అందరికంటె బాగా తెలిసినవాడు మారియో బౌసా. హవానా ఫిల్హార్మోనిక్‌లో క్లారినెట్ వాయించిన యితడు 1930లో న్యూయార్క్ చేరి, చిక్ వెబ్, కాబ్ కాలొవే జాజ్ బృందాలలో పనిచేశాడు. 1940లో బావమరిది మచీతో స్థాపించిన ఆఫ్రో-క్యూబన్స్ బృందానికి సంగీత సారథి అయ్యాడు. 1943లో యీ బృందంలో పుట్టిన ‘తంగా’లో పునాది క్యూబాది. దానిమీద జాజ్ వాద్యకారుడు తన మనోధర్మం చూపించాలి.

డిజ్జీ గిలెస్పీకి చానో పోసోను పరిచయం చేసింది కూడా బౌసాయే. చానోకు స్వరలిపి రాదు. ఏ వాద్యం ఏమి వాయించాలో నోటితో పాడి వినిపించాడు. గిలెస్పీ మధ్యభాగం చేర్చాడు, గిల్ ఫుల్లర్ బృందానికి అనువుగా కూర్చాడు. 1947 డిసెంబరు 30న ‘మంతేకా’ రికార్డయింది. గొప్ప రచనే. అయినా మధ్యభాగం వచ్చేసరికి క్యూబా పునాది పక్కకు తప్పుకుని, జాజ్ తన పాత నడకకు తిరిగిపోతుంది. రెండు సంగీతాలు పక్కపక్కన నిలబడ్డాయిగాని పూర్తిగా కలిసిపోలేదు. ఆ దృష్టితో చూస్తే కీర్తి తక్కువైన ‘తంగా’యే మిన్న. మరుసటి సంవత్సరమే చానో హార్లెంలో హత్యకు గురయ్యాడు. అప్పటికి అతనికి ముప్ఫైమూడేళ్ళు. ఆ కలయికను మరింత ముందుకు తీసుకుపోయే అవకాశం అతనికి దక్కలేదు.

న్యూయార్క్‌లో యీ సంగీతాన్ని పరీక్షించిన విమర్శకులు నాట్యకారులే. పలేడియం నాట్యశాలలో నల్లవారూ, పోర్టోరికోవారూ, యూదులూ, ఇటాలియన్లూ వొకే నేలమీద మాంబో ఆడారు. మచీతో, టిటో పుయెంటే బృందాలు వారిముందు నిలబడి వాయించాయి. తాళం జారితే అడుగు తడబడుతుంది. ఆ తీర్పుకు అప్పీలు లేదు. తరవాత యీ సంగీతం కూర్చుని వినే సభల్లోకి వెళ్ళింది. దానివల్ల విస్తృతి పెరిగింది, నిజమే. కాని చాలా రికార్డుల్లో కాంగా డోలు కూరమీద చివర చల్లే కొత్తిమీర అయిపోయింది. ఆ లోపం డోలుది కాదు, దాన్ని అలంకారంగా వాడుకున్నవారిది.

1961లో అమెరికా క్యూబాతో సంబంధాలు తెంచుకుంది. 1962లో వాణిజ్య నిషేధం వచ్చింది. రాకపోకలు తెగిపోయినంతమాత్రాన సంగీతం ఆగలేదు. 1973లో హవానాలో చూచో వాల్దేస్ నాయకత్వాన ఏర్పడిన ఇరాకెరే, పూజల్లో మోగే బాతా డోళ్ళనూ, జాజ్ బాకాలనూ, ఎలక్ట్రిక్ గిటారునూ వొకచోట చేర్చింది. అంటే క్యూబా ముడిసరుకు అందించి వూరుకోలేదు, తానే నిర్మాత అయింది.

కనుక ‘ప్రభావం’ అనే మాటను జాగ్రత్తగా వాడాలి. ఇల్లు కట్టినవాణ్ణి ఆ యింటికి రంగు వేసినవాడని అనకూడదు. ఏదైనా లాటిన్ జాజ్ రచన వినేటప్పుడు డోళ్ళు ఎన్ని వున్నాయని లెక్కపెట్టనవసరం లేదు. బాకా వూదేవాడు క్లావేను వింటున్నాడా లేదా అని చూస్తే చాలు. వింటున్నట్లయితే అది సమ్మేళనం. లేకపోతే వొట్టి అలంకారం.